కర్త ఎవరండీ?

మా ఇంట్లో ఒక ఆవకాయ జాడీ ఉండేది. ఉండేది అంటున్నాను గనక ఇప్పుడు లేదని మీరు గ్రహించే ఉంటారు. మా అమ్మ కాపరానికి వస్తూ పుట్టింటినుంచి తెచ్చుకున్న జాడీ. అడుగంతా తెలుపు, మెడ గోధుమరంగు, ఒక చెవి కొంచెం పెచ్చు లేచింది. ఆ పెచ్చు తప్ప నలభై అయిదేళ్ళు దానికి మరే అపాయమూ రాలేదు.

కిందటి ఏడు ఒక సాయంకాలం నేను కాలేజీనుంచి ఇంటికి వచ్చేసరికి అది వంటింటి గుమ్మం దగ్గర నాలుగు చెక్కలై పడివుంది. మా ఆవిడ చేటలోకి ముక్కలు ఎత్తుతోంది. మా వాడు, ఏడో తరగతి చదువుతున్నాడు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమయిందిరా?" అన్నాను.

"జాడీ పగిలింది నాన్నా" అన్నాడు.

"పగలక ఏం చేస్తుంది?" అంది మా ఆవిడ. "పనిమనిషి పొద్దున్న గట్టు తుడుస్తూ దాన్ని అంచుకు జరిపి ఉంటుంది. రేపు రానీండి, దాని సంగతి తేలుస్తాను."

మా వాడు కిక్కురుమనలేదు.

మామూలు రోజయితే నేను మా నాయనమ్మ అడిగే ప్రశ్నే అడిగేవాణ్ణి. "జాడీకి కాళ్ళొచ్చి నడిచిందిట్రా?" అని. మా చిన్నతనంలో గ్లాసు పగిలినా, పలక విరిగినా, చొక్కా చిరిగినా ఆవిడ వేసే మొదటి ప్రశ్న అదే. కాని ఆ సాయంకాలం నాకు ఆ ప్రశ్న గొంతు దాటి రాలేదు. ఎందుచేతనంటే, సరిగ్గా అలాంటి వాక్యమే ఒకటి, ఇంగ్లీషులో, కింద సంతకం కూడా చేసి మూడు గంటల క్రితమే కాలేజీలో ఇచ్చి వచ్చాను.

ఆ కథ చెబుతాను.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. ఏటా పిల్లల ఇంటర్నల్ పరీక్షల పేపర్లు దిద్ది, మార్కులు పట్టీగా రాసి ఆఫీసులో ఇస్తే, అక్కడ ఒక కుర్రాడు వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. ఆ కుర్రాడిది పర్మనెంటు ఉద్యోగం కాదు. ఏడాదికొకసారి కాంట్రాక్టు తిరగరాస్తారు. తిరగరాయకపోతే ఆ రోజునుంచే రానక్కరలేదు.

ఆ ఏడు మా క్లాసులో ఒకే పేరుగల అమ్మాయిలు ఇద్దరు ఉన్నారు. ఒకరికి పాతికకు ఇరవైమూడు వచ్చాయి. రెండో అమ్మాయి పరీక్షకే రాలేదు. పట్టీ రాసేటప్పుడు నేను వరస తప్పి, రాని అమ్మాయికి ఇరవైమూడు వేసి, వచ్చిన అమ్మాయి పేరుకెదురుగా గైరుహాజరు అని రాశాను. తెలుగు మాస్టరు తెలుగు పట్టీలో చేసిన నిర్వాకం అది.

ఫలితాలు వచ్చాయి. ఆ అమ్మాయి అన్నీ పాసై తెలుగులో తప్పింది. వాళ్ళ నాన్న కొబ్బరిచెట్లెక్కి దింపులు తీస్తాడు. "ఇంగ్లీషు తప్పిందంటే అర్థముంది, తెలుగు కూడా రాకపోతే ఇంక చదువెందుకమ్మా?" అన్నాట్ట. సంబంధాలు చూడడం మొదలుపెట్టారట. అమ్మాయి ఒకనాడు స్టాఫు రూము గుమ్మంలో నిలబడి, దాచుకున్న పరీక్ష కాగితం నా చేతికిచ్చింది. ఎర్రసిరాతో ఇరవైమూడు. కింద నా సంతకం.

"నేను రాశానుగదండీ సార్" అంది. అంతకంటె ఏమీ అనలేదు.

ఇక యూనివర్సిటీకి ఉత్తరం రాయాలి. ప్రిన్సిపాలుగారి ద్వారా పంపాలి, ఇంగ్లీషులో ఉండాలి.

నా ఇంగ్లీషు గురించి ఒక మాట చెప్పాలి. నేను పదో తరగతిదాకా తెలుగు మీడియంలో చదువుకున్నవాణ్ణి. ఒకసారి మా ఇంగ్లీషు మాస్టారు, రాముడు రావణుణ్ణి చంపెను అనే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చమంటే, "రావణా వజ్ కిల్డ్ విత్ రామా" అని రాశాను. ఆయన కళ్ళజోడు తీసి, "అయ్యో, ఇద్దరూ పోయారురా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఇంటికి వచ్చి ఆలోచిస్తే నా తప్పేమిటో తెలియలేదు. తృతీయా విభక్తికి చేత, చే, తోడ, తో అని వల్లించినవాణ్ణి. బాణంతో చంపాడు, రాముడిచేత చచ్చాడు, రెండూ ఒకే విభక్తిలోనే ఉన్నాయి. సంస్కృతంలోనూ అంతే. కర్తకూ, కరణానికీ, అంటే పనిచేసినవాడికీ, పనికి వాడిన సాధనానికీ, పాణిని ఒకే తృతీయ చెప్పాడు. ఇంగ్లీషువాడు మాత్రం ఇద్దరినీ విడదీశాడు. చేసినవాడికి 'బై', చేతిలో ఉన్న వస్తువుకు 'విత్'. మనిషినీ, మనిషి చేతిలో ఆయుధాన్నీ ఒక గాట కట్టవద్దన్నాడన్నమాట. మంచి నియమమే. అది ఎంత మంచిదో నాకు తెలియడానికి మరి ముప్ఫయి ఏళ్ళు పట్టింది.

ఉత్తరం చిత్తుప్రతి రాసి మా ఇంగ్లీషు లెక్చరరుగారి దగ్గరకు పట్టుకెళ్ళాను. ఆయన నాకంటె పెద్దవారు. అప్పటికి రిటైరు కావడానికి ఏడాది ఉంది. కాగితం చూసి పెన్సిలు తీశారు.

నేను రాసినదిది: "ఎ మిస్టేక్ వజ్ హాపెన్డ్ ఆన్ బిహాఫ్ ఆఫ్ మీ."

"తెలుగు మాస్టారూ, హాపెన్ అంటే జరుగు. అది అకర్మకం గదండీ. జరగబడింది అంటారా మీరు? వజ్ కొట్టెయ్యండి" అన్నారు. కొట్టేశాను.

"ఇక రెండోది. ఆన్ బిహాఫ్ ఆఫ్ అంటే ఏమనుకున్నారు?"

"నా తరఫున" అన్నాను.

"అక్కడే వచ్చింది చిక్కు. మన తరఫు అన్న మాట రెండు పనులూ చేస్తుంది. ప్లీడరు మీ తరఫున వాదిస్తాడు. నోరు ఆయనది, కేసు మీది. ఒకరికి బదులు మరొకరు చేస్తే అది బిహాఫ్. మీరు రాసినదాన్నిబట్టి, తప్పు చేయడానికి మీకు తీరిక లేకపోతే మీ ప్రతినిధిగా ఇంకెవరో వచ్చి చేసిపెట్టారని అర్థం. చేసింది మీరే అయితే ఆన్ మై పార్ట్ అనాలి."

ఇద్దరం నవ్వుకున్నాం. తరువాత ఆయన పెన్సిలు ఎత్తి పట్టుకుని, "ఇంతకూ ఎవరి పార్టు?" అన్నారు.

నేను కొంచెం నసిగాను. "ఎవరి పేరూ రాకుండా రాయలేమా మాస్టారూ?"

"ఎందుకు రాయలేం? నిక్షేపంలా రాయవచ్చు. వ్యాకరణదోషం ఒక్కటి ఉండదు" అంటూ ఆయన ఒక వాక్యం రాసి ఇచ్చారు. "యాన్ ఎర్రర్ హాజ్ ఆకర్డ్ ఇన్ ది ఎంట్రీ ఆఫ్ మార్క్స్." మార్కుల నమోదులో పొరపాటు దొర్లినది. అంతే.

"ఇది పెద్దవాళ్ళు నడిచిన బాటే లెండి" అన్నారాయన. "అమెరికా ప్రెసిడెంటు గ్రాంటు 1876లో తన చివరి వార్షిక సందేశంలో పొరపాట్లు జరిగాయన్నాడు. 1987లో రీగన్, ఇరాన్ వ్యవహారం మెడకు చుట్టుకున్నప్పుడు, కాంగ్రెసు ఎదుట ఆ మాటే అన్నాడు. చేసినవాడి పేరు రాకుండా తప్పు ఒప్పుకోవడానికి కర్మణి ప్రయోగాన్ని మించినది లేదు. కర్తరితో చెప్పగలిగినచోట కర్మణి వాడవద్దని ఆర్వెల్ 1946లో ఒక వ్యాసంలో మొత్తుకున్నాడనుకోండి. ఆయన మన దేశంలోనే, బీహారులో మోతీహారిలో పుట్టినవాడు. కాని మన ఆఫీసులదాకా ఆ వ్యాసం వచ్చినట్టు లేదు."

కాగితం నా చేతికిస్తూ ఆయన ఇంకొక మాటన్నారు. "వ్యాకరణం ఒప్పుకుంటుంది. తక్కినది మీ ఇష్టం."

నాకు ప్రాణం కుదుటపడింది. తెల్లకాగితం మీద సాపు రాసి, సంతకం చేసి, ప్రిన్సిపాలుగారికి ఇచ్చాను. ఆయన చదివి, కనుబొమలు ముడిచి, "ఎంట్రీలోనా? అంటే కంప్యూటరు కుర్రాడేగదా!" అన్నారు. బెల్లు కొట్టారు. కుర్రాడు వచ్చాడు.

"నీకు మెమో ఇస్తున్నాను. కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు చూసుకుందాం" అన్నారు.

"కాగితంలో ఉన్నట్టే కొట్టానండి" అన్నాడు వాడు. అని నావైపు చూశాడు.

ఆ నిమిషంలో నేను మాట్లాడలేదు. మాట్లాడలేదన్నది కూడా కర్తరి ప్రయోగమే. అంచేత దాన్ని అలాగే ఉంచుతున్నాను. నా చేతిరాతతో ఉన్న అసలు పట్టీ, నా గదిలో సొరుగులో ఉంది. వాడి దగ్గర ఉన్నది నకలు కూడా కాదు, జ్ఞాపకం మాత్రమే. నేను తల వంచుకుని బయటికి వచ్చి, సైకిల్ స్టాండులోంచి బండి తీసుకుని ఇంటికి వచ్చేశాను.

వచ్చేసరికి జాడీ పగిలివుంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చూశారా, నిద్ర పట్టలేదంటాం. అక్కడ కూడా మనం కర్తలం కాము. ఎప్పుడో నిద్రే వచ్చి పట్టాలి. పడుకుని ఆలోచిస్తే, మన భాషలో దాక్కోవడానికి ఎన్ని మూలలున్నాయో ఒక్కొక్కటే కనబడ్డాయి. నోరు జారింది. చెయ్యి తగిలింది. కాలు పడింది. బుద్ధి గడ్డి తిన్నది. నోరూ, చెయ్యీ, కాలూ, బుద్ధీ, ఇంటిల్లిపాదీ నేరస్థులే. ఆ ఇంటి యజమాని మాత్రం ఎక్కడా కనబడడు. చిట్టచివరకు, "నా కర్మ" అంటాం. కర్త, కర్మ, క్రియ అని మేము పాఠం చెబుతాం గదా, వాక్యంలోంచి కర్త పారిపోతే మిగిలేది కర్మే మరి.

ఆఫీసు తెలుగు సంగతి చెప్పనే అక్కరలేదు. ఇందుమూలముగా తెలియజేయడమైనది. ప్రవేశము నిషేధించడమైనది. దరఖాస్తు తిరస్కరించబడినది. ఎవరు తెలియజేశారు, ఎవరు నిషేధించారు, ఎవరు తిరస్కరించారు? ఎవరూ కారు. నిజానికి ఈ 'బడు' మన మాటలో ఇమిడేది కాదు. అన్నం నాచేత తినబడింది అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. పుస్తకాల్లోంచి, తర్జుమాల్లోంచి ఆఫీసుల్లోకి వచ్చి అక్కడ స్థిరపడిపోయింది.

అలాగని కర్త ఎప్పుడూ సిగ్గుపడతాడనుకోకండి. ఏ ఊళ్ళోనైనా సరే, కొత్త భవనం ముందు నల్లరాతి ఫలకం చూడండి. ఫలానా వారి అమృతహస్తములచే ప్రారంభింపబడినది అని జానెడేసి అక్షరాలు. ఆ 'చే' తృతీయా విభక్తి అక్కడ రాతిలో చెక్కి ఉంటుంది. అదే భవనం గోడ రెండేళ్ళకు పడిపోతే, మర్నాడు కాగితంలో "గోడ కూలింది" అని ఉంటుంది. మంచి పనికి కర్త రాతిమీద, చెడ్డ పనికి కర్త గాలిలో.

నిజం చెప్పాలంటే మన తెలుగు కర్త విషయంలో ఇంగ్లీషుకంటె చాలా నిక్కచ్చి అయిన భాష. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాటన్ బిల్ట్ ఇట్ అంటాడు ఇంగ్లీషువాడు. మా జిల్లాలో ఏ ముసలమ్మనడిగినా, "కాటన్ దొర కట్టించాడు" అంటుంది. ఆ 'ఇంచు' అనే చిన్న ప్రత్యయంలో, రాళ్ళు మోసిన వేలమంది కూలీలకు చోటు ఉంది. పేర్లు లేకపోయినా చోటు ఉంది. భద్రాచలంలో గుడి కట్టించి గోలకొండలో చెరసాల పాలైన రామదాసు కూడా, నగలన్నీ చేయించానని రాముడికి లెక్క చెప్పుకున్నాడుగాని, చేశానని చెప్పుకోలేదు. చేసినది కంసాలి అని భక్తుడికి తెలుసు.

ఇంకా ఒకటుంది. ఇంగ్లీషులో "మేడ్" అంటే నేను చేసినా, నువ్వు చేసినా, పదిమంది చేసినా ఒకటే మాట. అందుకని వాళ్ళకు ముందర "ఐ" అని పెట్టక తప్పదు. దాన్ని వాక్యం మధ్యలో వచ్చినా పెద్ద అక్షరంగానే రాస్తారు. మనకు ఆ పటాటోపం అక్కరలేదు. "చేశాను" అంటే చాలు. నేను అన్న మాట లేకపోయినా, క్రియ తోకన ఒక చిన్న 'ను' కూర్చుని ఉంటుంది. చేశావు, చేశాడు, చేశారు. ఒక్క అక్షరంలో మనిషి దొరికిపోతాడు. ఆ ఒక్క అక్షరాన్ని తప్పించుకోవడానికే ఇన్ని జరగడాలూ, దొర్లడాలూ, బడడాలూ.

అయితే ఆ రాత్రి నాకు నిజంగా తెలిసిన సంగతి వ్యాకరణంలో లేనిది. కర్త లేని వాక్యం రాసినవాడు, అందులో ఎవరూ లేరని అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. ఎవరికీ నొప్పి తగలకుండా మర్యాదగా రాశాననుకున్నాను. కాని ఆ చోటు ఖాళీగా ఉండదు. చదివేవాడు ఎవరో ఒకరిని తెచ్చి అందులో కూర్చోబెడతాడు. ఎవరిని? దగ్గరలో ఉన్నవాళ్ళలో ఎదురు చెప్పలేనివాణ్ణి. పొరపాటు దొర్లింది అంటే, కాలేజీలో అది కంప్యూటరు కుర్రాడి మీదికి దొర్లింది. జాడీ పగిలింది అంటే, ఇంట్లో పనిమనిషి నెత్తిన పగిలింది. బిహాఫ్ అని నేను రాసినదాన్ని మా ఇంగ్లీషు లెక్చరరుగారు తప్పని కొట్టేశారుగాని, జరిగినది అదే. నా తప్పుకు నా ప్రతినిధిగా ఆ కుర్రాడు మెమో పుచ్చుకున్నాడు.

తెల్లవారి పెందలాడే కాలేజీకి వెళ్ళాను. సొరుగులోంచి పట్టీ తీసి, కొత్త ఉత్తరం రాసి, మళ్ళీ మా ఇంగ్లీషు లెక్చరరుగారి దగ్గరకే వెళ్ళాను. ఈసారి "ఐ డిడ్ దిస్ మిస్టేక్" అని రాశాను.

ఆయన చదివి, "డిడ్ కాదు, మేడ్" అని దిద్దారు. తప్పు చేశాను అంటే డిడ్ కాక మరేమిటని నేననుకున్నాను. ఒప్పుకోవడంలో కూడా తప్పు దొర్లింది. కాదు, చేశాను. ఆయన కాగితం మడిచి ఇస్తూ, "ఇప్పుడు ఇంగ్లీషు బాగుంది" అన్నారు. నిన్నటి వాక్యంలో కూడా ఇంగ్లీషు బాగానే ఉంది. అది మా ఇద్దరికీ తెలుసు.

ప్రిన్సిపాలుగారు ఉత్తరమూ, పట్టీ చూసి చాలాసేపు ఏమీ అనలేదు. "నిన్ననే చెప్పవలసింది గదండీ" అన్నారు. అవును, చెప్పవలసింది. కుర్రాడి మెమో వెనక్కి తీసుకున్నారు. నాకొకటి ఇచ్చారు. ఉద్యోగంలో చేరాక నేను అందుకున్న మొదటి మెమో అది. పర్మనెంటు ఉద్యోగిని గనక నాకు దానివల్ల కాగితం బరువే తప్ప మరేమీ లేదు. ఆ బరువే ఆ కుర్రాడి మీద పడితే ఉద్యోగం పోయేది.

వాడి దగ్గరకు వెళ్ళి, "నావల్ల నీకు మాట వచ్చింది" అన్నాను. వాడు కంప్యూటరు వైపే చూస్తూ, "ఫరవాలేదండి" అన్నాడు. ఫరవా ఉందని నాకు తెలుసు. ఆనాటినుంచి వాడు నా పట్టీ తీసుకునేటప్పుడు, ఒక్కొక్క పేరూ పైకి చదివి నా ఎదటే సరిచూసుకుంటాడు. మొదట్లో నాకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు నేనే, "చదువు నాయనా" అంటాను.

ఇంటికి వెళ్ళి, మా ఆవిడా వాడూ ఉండగా, నా మెమో కథ మొత్తం చెప్పాను. పట్టీ సంగతీ, తల వంచుకుని వచ్చేసిన సంగతీ కూడా. మా ఆవిడ, "అయ్యో, ఆ కుర్రాడు!" అంది. మా వాడు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక, నా కుర్చీ వెనక నిలబడి, "బంతి తగిలింది నాన్నా" అన్నాడు.

నేను తిరిగి చూడలేదు. మాట్లాడలేదు కూడా.

కాసేపాగి, "బంతి నేనే విసిరాను" అన్నాడు.

ఆ 'ను' విని నాకు కలిగిన సంతోషం, మా అమ్మ జాడీ పోయిన దుఃఖానికి సరిపోయింది. మర్నాడు పనిమనిషితో ఎవరూ ఏమీ అనలేదు. వాడే వెళ్ళి, "జాడీ నేను పగలగొట్టానత్తా" అని చెప్పివచ్చాడు. "నాకు తెలుసులే బాబూ, గుమ్మంలో బంతి చూశాను" అందట ఆవిడ. తెలిసీ చెప్పలేదన్నమాట. చెప్పినా ఎవరు నమ్ముతారని కాబోలు.

కొన్నాళ్ళకు యూనివర్సిటీనుంచి జవాబు వచ్చింది. ఆ అమ్మాయి పాసయింది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం చదువుతోంది. సంబంధాల మాట వాళ్ళ నాన్న వాయిదా వేశాట్ట. జవాబులో ఒకే ఒక వాక్యం ఉంది. మార్కులు సవరించబడినవి అని. సవరించినవారెవరో ఎక్కడా రాయలేదు. ఒక మంచి పని చేసి కూడా కర్త పేరు చెప్పుకోకపోవడం ఆఫీసు కాగితంలో నేను అదే మొదటిసారి చూడడం.